నలభై అడుగుల దారికి కాంక్రీట్ ఎంత?

హన్మకొండ నుంచి హసన్‌పర్తి పోయే రోడ్డుకు కాస్త లోపల ఒక కాలనీ. ఇంటాయన రిటైర్డ్ లెక్కల సారు. ఇంట్లో ఆయన, భార్య, డెబ్బై ఎనిమిదేళ్ల తల్లి. ఒక కారు, రెండు బండ్లు. గేటు నుంచి పోర్టికో దాకా 40 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు జాగా. ఇల్లు కట్టినప్పుడు చేతిలో డబ్బులు అయిపోయి అక్కడ మొరం పరిచి వదిలేశారు. ఆరేళ్లు అట్లనే నడిచింది. వానాకాలం వచ్చిందంటే కారు టైర్లకు అంటిన బురద పోర్టికో టైల్స్ మీద, అక్కడి నుంచి హాల్లోకి.

2024 ఫిబ్రవరిలో సారు నన్ను పిలిచేటప్పటికే ఆయన నిర్ణయం అయిపోయింది. "రెడీమిక్స్ బండి ఒకటి చెప్పుండ్రి సార్. పొద్దున పోస్తే సాయంత్రానికి పని ఒడువాలె" అన్నారు. కాగితం మీద లెక్క కూడా వేసి పెట్టారు: 440 చదరపు అడుగులు, 4 అంగుళాల మందం, 147 ఘనపుటడుగులు, అంటే 4 క్యూబిక్ మీటర్ల పైచిలుకు. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. పక్కింటాయన మూడేళ్ల కింద అట్లనే పోయించుకున్నాడట, మంచిగుందట.

పక్కింటికి పోయి చూశాను. దూరం నుంచి మంచిగనే ఉంది. గోడ పక్క నుంచి రెండున్నర అడుగుల దూరంలో, గోడకు సమాంతరంగా, దారి పొడవునా ఒక పగులు. సిమెంట్ పాలు పోసి పూడ్చారు, మళ్లీ తెరుచుకుంది. రసమట్టం పెట్టి చూస్తే గోడ వైపు అంచు నడిమి కంటే పైకి లేచి ఉంది. ఇట్లాంటి పగులు కనిపిస్తే నేను సిమెంట్ గురించి, మేస్త్రి గురించి అడగను. కింద నల్లరేగడి ఉందా అని అడుగుతాను.

మూడు గుంతలు

సారు వాకిట్లో మూడు చోట్ల రెండడుగుల లోతు గుంతలు తవ్వించాను. పోర్టికో దగ్గరిది గడ్డపారకు ఖంగుమంది: అర అడుగు దాటగానే గట్టి ఎర్ర మొరం, దాని కింద కుళ్లిన రాయి. వరంగల్, హన్మకొండల్లో ఇది మామూలే, చాలా ఇళ్లు బండ మీదనే ఉన్నాయి. నడిమి గుంతలో మొరం కిందికి జారిపోయింది. గేటు దగ్గరి గుంతలో పైన పరిచిన మొరం నాలుగు అంగుళాలే, దాని కింద అంతా నల్లమట్టి. ఫిబ్రవరి ఎండకే ఆ మట్టి పెళ్లలు పెళ్లలుగా విడిపోతున్నది, పగుళ్లలో బొటనవేలు దూరుతున్నది. సారు తల్లి అప్పుడు చెప్పింది: "గేటు దిక్కు కుంట ఉండె బిడ్డా. ప్లాట్లు చేసినప్పుడు పూడ్చిండ్రు."

నల్లరేగడి అని కంటికి తెలుస్తూనే ఉన్నా, లెక్కల సారుకు అంకె కావాలి. రెండు కొలత గాజు గొట్టాల్లో పది పది గ్రాముల జల్లించిన ఎండు మట్టి వేసి, ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్ పోసి ఒక రోజు కదపకుండా వదిలేయాలి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. రెండింటి తేడాను కిరోసిన్ కొలతతో భాగిస్తే ఉబ్బుడు శాతం. (మట్టి దొరకడం కంటే ఇప్పుడు కిరోసిన్ దొరకడమే కష్టం.) మర్నాడు కిరోసిన్ గొట్టంలో మట్టి 10 మిల్లీలీటర్ల గీత దగ్గర ఉంది, నీళ్ల గొట్టంలో 17 దగ్గర. డెబ్బై శాతం. యాభై దాటితేనే నేను జాగ్రత్త పడతాను. సారు ఆ రెండు గొట్టాలను కిటికీలో పెట్టుకుని రెండు రోజులు చూస్తూ కూర్చున్నారు.

ఈ మట్టి కాంక్రీట్ పలకను ఎట్లా విరుస్తుందో కాస్త చెప్పాలి. వాన పడ్డప్పుడు పలక అంచుల కిందికి నీళ్లు దిగుతాయి, నడిమి కిందికి దిగవు. అంచు కింద మట్టి ఉబ్బి అంచును లేపుతుంది. ఎండాకాలం అదే అంచు కింద మట్టి ఎండి ముడుచుకుంటే అంచుకు కింద ఆసరా ఉండదు, గాలిలో నిలబడుతుంది. ఏడాదికి ఒకసారి పైకి, ఒకసారి కిందికి. కాంక్రీట్ నొక్కుడుకు ఎంతైనా ఆగుతుంది, వంపుకు ఆగదు. రెండో ఏడో మూడో ఏడో అంచుకు రెండు మూడు అడుగుల లోపల విరుగుతుంది. రాడ్డు వేస్తే పగులు విచ్చుకోకుండా పట్టి ఉంచుతుంది, అంతేగానీ మట్టి లేపడాన్ని ఆపలేదు. "రాడ్డు డబుల్ వేద్దాం" అనే మేస్త్రికి నేను ఎప్పుడూ చెప్పేది ఇదే.

ఒకే దారిలో సగం బండ, సగం రేగడి అయితే ఇంకా కష్టం. రెండూ కలిసే చోట ఒక పక్క కదలదు, ఇంకో పక్క కదులుతుంది. 40 అడుగులు ఏకంగా పోస్తే విరిగేది ఎక్కడో ముందే సుద్దముక్కతో గీసి చూపించవచ్చు.

బరువు ఎవరిది?

"మాది చిన్న కారే కదా సార్, నాలుగు అంగుళాలు చాలదా?" కారుకు చాలు. చిన్న కారు టన్నుకు కాస్త అటూ ఇటూ, పెద్దదైనా రెండు టన్నులు దాటదు. కింద గట్టిగా ఉంటే 4 అంగుళాల కాంక్రీట్ దాన్ని లెక్కచేయదు. కానీ ఏప్రిల్, మే నెలల్లో బోరు అడుగంటితే ఈ కాలనీకి ట్రాక్టర్ ట్యాంకర్లు వస్తాయి. 5,000 లీటర్లంటే నీళ్లే ఐదు టన్నులు, పైన ట్యాంకు, ట్రాక్టర్ బరువు. సంపు పోర్టికో పక్కన ఉంది, కాబట్టి ట్యాంకర్ లోపలిదాకా రావాల్సిందే. అందుకని దారి మందాన్ని కారును బట్టి కాకుండా, ఏడాదిలో పదిసార్లు వచ్చే ట్యాంకర్‌ను బట్టి లెక్కగట్టాను. 5 అంగుళాలు.

ఇంకొకటి, కాలనీలో అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ లేదు. అందరివీ సెప్టిక్ ట్యాంకులే. ఎప్పుడో ఒకప్పుడు లైను వస్తే గేటు నుంచి లోపలికి తవ్వాల్సి వస్తుంది. బోరు పైపు, నల్లా పైపు ఇప్పటికే గేటు పక్క నుంచే పోతున్నాయి. కాంక్రీట్ తవ్వి మళ్లీ పోస్తే ఆ అతుకు ఎన్నటికీ కలవదు. రంగు కూడా కలవదు.

మిగతావి

కాంక్రీట్ వద్దంటే ఏముందని సారు అడిగారు. తాండూరు బండలు పరిచిన వాకిళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి, నడవడానికి హాయి. కానీ అంగుళం మందం బండ కింద ఎక్కడైనా మాలు సరిగా నిండక డొల్ల ఉంటే టైరు కింద టప్పున పోతుంది. పార్కింగ్ టైల్స్ చూడ్డానికి శుభ్రంగా ఉంటాయి, కానీ వాటికి కింద ఎట్లాగూ కాంక్రీటే పోయాలి. మరి రేగడి బాధ తీరిందెక్కడ? గ్రానైట్‌ను మంటతో గరుకు చేయించి వేస్తే బలానికి లోటు లేదు. కరీంనగర్ క్వారీలు దగ్గరే కాబట్టి రాయి దొరకడమూ కష్టం కాదు. సారు బడ్జెట్‌కు ఎక్కలేదు. తారు ఇంత చిన్న పనికి ఎవరూ వేయరు, వేసినా మే ఎండకు మెత్తబడుతుంది, కారు కింద ఆయిల్ చుక్క పడ్డ చోట కరుగుతుంది.

మిగిలింది పేవర్ బ్లాకులు, అంటే ఇసుక మీద పక్కపక్కన పేర్చే సిమెంట్ బిళ్లలు. వీటి మీద నాకు మోజేమీ లేదు. సందుల్లో గరిక మొలుస్తుంది, చీమలు ఇసుకను తోడి పైన కుప్పలు పెడతాయి, టైర్లు నడిచే చోట గుంతలు పడతాయి. గుంతలకు బ్లాకులను అనడం కూడా న్యాయం కాదు. చాలామంది మట్టి మీద నాలుగు అంగుళాల క్రషర్ డస్ట్ పోసి దాని మీదనే పరిచేస్తారు. కింద కంకర, మొరం కలిపి దిమ్మిస కొట్టిన పొర లేకుండా బ్లాక్ ఎంత గట్టిదైనా లాభం లేదు. రేగడి మీద మాత్రం వాటికి ఒక గుణం ఉంది: విరగవు, వంగుతాయి. కింద మట్టి అర అంగుళం లేస్తే బ్లాకులు దానితో పాటే లేస్తాయి, అది దిగితే దిగుతాయి. మరీ కుంగితే పీకి, ఇసుక సరిచేసి, అవే బ్లాకులు తిరిగి పెట్టుకోవచ్చు. డ్రైనేజీ వాళ్లు వస్తే కూడా అంతే.

సందుల్లో నుంచి నీళ్లు దిగి రేగడి ఇంకా ఉబ్బదా అని లెక్కల సారు సరైన ప్రశ్నే అడిగారు. దిగుతాయి. అందుకే పైన ఇచ్చే వాలే కింద మట్టికి కూడా ఇవ్వాలి, అప్పుడు దిగిన నీరు అక్కడే నిలవకుండా బయటి మోరీ వైపు జారుతుంది. నీరు దిగినా అంచులోనూ నడిమిలోనూ ఒకే తీరుగా దిగుతుంది కాబట్టి పలకకు జరిగేంత నష్టం బ్లాకులకు జరగదు.

40 అడుగులూ కాంక్రీటే కావాలంటే దారి లేకపోలేదు. గేటు వైపు 22 అడుగుల మేర రెండడుగుల రేగడి తీసేసి మొరం నింపి కొట్టాలి. 22 × 11 × 2 అంటే 484 ఘనపుటడుగులు. తవ్విన మట్టి వదులై పావు వంతు పైన పెరుగుతుంది, కాబట్టి ఆరు ట్రాక్టర్లు బయటికి, దాదాపు అంతే మొరం లోపలికి. రేట్లు ఇక్కడ రాయడం లేదు, ఆరు నెలలకోసారి మారతాయి. కానీ ఆ రోజు లెక్కలో మట్టి మార్చే ఖర్చు, దాని మీద పోసే కాంక్రీట్ ఖర్చుకు దగ్గరదగ్గరగా వచ్చింది. "కాకతీయులు రామప్పకు ఇసుక పోసి పునాది కట్టిండ్రు. మనం రెండడుగుల మట్టి మార్చలేమా?" అని సారు నవ్వారు. మార్చవచ్చు. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్నే రాయి రాయి విప్పి పునాది నుంచి తిరిగి కట్టి 2024 మార్చిలో తెరిచారు. కాకపోతే ఆయన కారు నిలిపేందుకు అంత ఖర్చు నాకు ఇష్టం లేదు, అదే మాట చెప్పాను.

చివరికి తేలింది ఇది: ఇంటి వైపు మొరం మీద 18 అడుగులు కాంక్రీట్, గేటు వైపు రేగడి మీద 80 ఎం.ఎం. మందం పేవర్లు. కారు పగలూ రాత్రీ నిలిచేది, ఆయిల్ కారేది, కడిగేది ఇంటి వైపే కాబట్టి కాంక్రీట్ అక్కడే పనికొస్తుంది.

అప్పుడు అడ్డం వచ్చింది పెద్దమ్మ. "గా బిళ్లల మీద ముగ్గెట్లేస్తరు? పొద్దుగాల్ల సాన్పి చల్లితే సందులల్ల ఇంకదా?" ఆమె ముగ్గు వేసేది గేటు లోపలి వైపు, సరిగ్గా నేను పేవర్లు గీసిన చోట. సారు "అమ్మా, నువ్వు ఊకో" అన్నారు. నేను మాత్రం ప్లాన్ మళ్లీ తీశాను. పేవర్లకు చివర ఎట్లాగూ ఒక కాంక్రీట్ కట్ట ఉండాలి, లేకపోతే బండి బ్రేకు వేసినప్పుడల్లా బ్లాకులు గేటు వైపు జరుగుతాయి. ఆ కట్ట అర అడుగు ఉంటే సరిపోతుంది. దాన్ని 3 అడుగుల వెడల్పు చేశాను. రేగడి మీదనే ఉన్నా, చిన్న ముక్క కాబట్టి కదిలితే మొత్తం ఒకటిగా కదులుతుంది. 8 ఎం.ఎం. రాడ్డు రెండు వైపులా జల్లెడలా వేసి, నడిమిలో ఒక జాయింట్ (పగులు వస్తే అక్కడే రావాలని ఇచ్చే గాడి) ఇచ్చాం. ముగ్గుకు 3 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు. "సాలు" అన్నది ఆమె. పేవర్లు 19 అడుగులకు తగ్గాయి.

వాలు

పోర్టికో ఫ్లోరింగ్‌కూ రోడ్డుకూ మధ్య ఎత్తు తేడా లెవల్ పైపుతో చూస్తే 5 అంగుళాలే. ఇల్లు కట్టినప్పుడు అడుగు పైన ఉండేదట. 2023 జూలై వానలకు కాలనీలో నీళ్లు నిలిచాక రోడ్డు మీద ఇంకో పొర సీసీ వేశారు. మన ఊళ్లలో రోడ్డు ఎత్తు పెరుగుతూనే ఉంటుంది, ఇల్లు ఉన్నచోటే ఉంటుంది. 40 అడుగులకు 5 అంగుళాలు అంటే అడుగుకు సరిగ్గా ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. దీనికంటే తగ్గితే నీళ్లు ఆగుతాయి. ఎక్కడా ఒక్క నూలు కూడా వదులుకునే వీలు లేదు కాబట్టి దారాలు కట్టి, ప్రతి 5 అడుగులకూ మేకు కొట్టి గుర్తు పెట్టించాను. నాలుగు రోజుల పనిలో ఒక పూట దీనికే పోయింది. మేస్త్రి విసుక్కున్నాడు.

పోసిన రోజు

18 × 11 అడుగులు, 5 అంగుళాల మందం: 82 ఘనపుటడుగుల పైన, అంటే 2.3 క్యూబిక్ మీటర్లు. దీనికి రెడీమిక్స్ బండి పిలవడం దండగ. మిల్లర్ (కాంక్రీట్ కలిపే యంత్రం) పెట్టి ఎం20, అంటే సిమెంట్, ఇసుక, కంకర 1 : 1½ : 3 పాళ్లలో, 19 బస్తాల సిమెంట్. మార్చి మూడో వారం, పొద్దున ఆరింటికి మొదలు.

మిల్లర్ దగ్గర నేను మొదట చేసే పని నీళ్ల పైపు తీసేయడం. పైపు చేతిలో ఉంటే కూలీ మాలు జారే దాకా కొడతాడు. జారితే తట్ట మోసే వాడికీ సర్దే వాడికీ సుఖం, కాంక్రీట్‌కు నష్టం. బస్తాకు 30 లీటర్లు మించొద్దు, ఇసుకలో తేమ ఉంటే అదీ అందులోనే లెక్క. 20 లీటర్ల పెయింట్ డబ్బా ఒకటి తెప్పించి, సగం దగ్గర ఎర్ర రంగు గీత గీయించాను. బస్తాకు ఒక నిండు డబ్బా, ఒక గీత డబ్బా. మొదటి రెండు కలుపులు ఎండుగా ఉన్నాయని మేస్త్రి గొణిగాడు. వైబ్రేటర్ పెట్టగానే అదే మాలు నెయ్యిలా సర్దుకుంది, ఆ తర్వాత ఏమీ అనలేదు.

పైన పొడి సిమెంట్ చల్లి నున్నగా రుద్దడం ఇక్కడ అలవాటు. పైకి తేలిన నీటిని పీల్చడానికి చల్లుతారు, ఆ రోజు అద్దంలా మెరుస్తుంది. ఏడాదికి ఆ పొర పొట్టులా లేస్తుంది, వానలో జారుతుంది. నేను వద్దన్నాను. తేలిన నీరు ఆరేదాకా ఆగి, చెక్కతో రుద్ది, కొబ్బరి చీపురుతో వాలుకు అడ్డంగా గీతలు లాగించాను. గేటు దగ్గరి ముగ్గు పట్టీకి చీపురు వేయలేదు, చెక్కతోనే వదిలేశాం. పోర్టికో స్తంభాలకు ఆనే చోట అర అంగుళం థర్మోకోల్ పెట్టాం, పలక స్తంభాన్ని పట్టుకుని చీలకుండా.

తప్పు జరిగింది ఇక్కడే, అదీ నాదే. 18 అడుగులకు నడిమిలో, 9 అడుగుల దగ్గర కట్టర్‌తో జాయింట్ కోయించాలని రాసుకున్నాను. లోతు పలకలో నాలుగో వంతు, అంగుళంపావు. ఎండాకాలం కాబట్టి అదే రోజు రాత్రికి కోయాలి. కట్టర్ అద్దెకిచ్చేవాడు మర్నాడు సాయంత్రం వచ్చాడు. అతని కోసం ఎదురుచూడకుండా తాపీతో పచ్చి మీదనే గాడి లాగించి ఉంటే సరిపోయేది. ఇంకా పెద్ద తప్పు: పోర్టికోకు 5 అడుగుల దూరంలో సెప్టిక్ లైను చాంబర్ ఒకటి ఉంది, రెండడుగుల చదరం. పలకలో ఏ చతురస్రపు రంధ్రం ఉన్నా దాని మూల నుంచే పగులు బయలుదేరుతుంది. జాయింట్‌ను 9 అడుగుల దగ్గర కాకుండా చాంబర్ మూలలను కలుపుతూ పెట్టాల్సింది. కనీసం మూలలకు అడ్డంగా నాలుగు ముక్కల రాడ్డు పడేసినా సరే. కాగితం మీద 9 అంకె అందంగా కనిపించింది, అంతే.

తొమ్మిదో రోజు సారు ఫోన్. గోనె సంచులు కప్పి రోజుకు మూడుసార్లు తడుపుతున్నారు (పీపీసీ, అంటే బూడిద కలిపిన సిమెంట్, పైగా ఎండాకాలం కాబట్టి పద్నాలుగు రోజులు చెప్పాను, ఆయన పదహారు చేశారు). సంచులు మార్చేందుకు తీసినప్పుడు చూశారట. పోయి చూస్తే, తడి ఆరుతున్న పలక మీద అంతా తెల్లబడుతున్నది, చాంబర్ మూల నుంచి గోడ దిక్కు ఐమూలగా ఒక్క వెంట్రుక గీత మాత్రం నల్లగా మిగిలింది. పొడిగా ఉన్నప్పుడు కనిపించదు. గోరు పెడితే తగలదు. జాయింట్ కోసిన చోట ఏ పగులూ లేదు. పలక తనకు కావాల్సిన చోట ముందే తెంపుకుంది. సారుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, "కర్ణం గీసింది" అన్నారు.

ఏడాది తర్వాత

2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబర్ 1న పడ్డ వాన గుర్తుండే ఉంటుంది. మహబూబాబాద్ దిక్కు రైలు పట్టాల కింద మట్టే కొట్టుకుపోయింది. ఆ వారం సారు వాకిట్లో నీళ్లు నిలవలేదు. ఒక నూలు వాలు పనిచేసింది. పేవర్లు మాత్రం కుడి టైరు దారిలో రెండు చోట్ల అర అంగుళం కుంగాయి. కాంక్రీట్‌కు ఆనే చోట బ్లాకులను ముందే రెండు మూడు మిల్లీమీటర్లు ఎత్తుగా పెట్టించాను, అక్కడ ఇప్పుడు సమంగా ఉంది. కుంగిన చోట్లు డిసెంబర్‌లో ఇద్దరు మనుషులు సగం పూటలో పీకి తిరిగి పరిచారు. ముగ్గు పట్టీ గేటు వైపు కొంచెం లేచింది, గేటు అడుగుకు తగలబోతే గేటునే అర అంగుళం పైకి ఎత్తించాం.

2025 మేలో పోయినప్పుడు పగులు పొడిగా ఉన్నప్పుడు కూడా కనిపిస్తున్నది, కానీ కార్డు అంచు దూరదు. రెండు వైపులా ఎత్తు తేడా లేదు, అంటే కింద మొరం కదల్లేదు. పల్చటి ఎపాక్సీ (పగులును అతికే జిగురు) సిరంజితో ఎక్కించాను. మధ్యాహ్నం రెండింటికి చెప్పులు విడిచి చూస్తే కాంక్రీట్ కాలింది, బ్లాకులు ఇంకా కాలాయి, అవి ముదురు ఎరుపు కదా. రంగు ఎంచింది సారు కోడలు, నేను అడ్డు చెప్పలేదు.

పక్కింటాయన ఇప్పుడు తన పలక పగలగొట్టించి పేవర్లు వేయించుకుంటానంటున్నాడు. ముందు గోడ పక్కన బోరు నీళ్లు పోయే పైపు లీకును చూపించి, అది బాగు చేయించుకుని ఒక వానాకాలం ఆగమన్నాను.